ఆఖరి పది మీటర్లు: జియోక్యాష్, బెంచ్‌మార్క్ వేటకు చేతి జీపీఎస్ వాడే తీరు

జియోక్యాషింగ్ అంటే ఒకరు ఎక్కడో ఒక డబ్బా (జియోక్యాష్) దాచి ఆ చోటు కోఆర్డినేట్లు, అంటే అక్షాంశ రేఖాంశాల అంకెలు, ప్రకటిస్తే, మిగతావాళ్లు జీపీఎస్‌తో వెతికి పట్టుకునే ఆట. బెంచ్‌మార్క్ వేటలో వెతికేది సర్వేవాళ్లు పెట్టిన గుర్తులను. జీపీఎస్ తెరమీద "కచ్చితత్వం 3 మీటర్లు" అని కనబడగానే సరిగ్గా మూడు మీటర్ల లోపలే వెతికి, దొరక్క తిరిగొచ్చేవాళ్లు చాలామంది. ఆ అంకె, మీ పరికరం ఆ నిమిషానికి తన గురించి తాను వేసుకున్న అంచనా. దాటకూడని గీతేమీ కాదు. డబ్బా దాచిన మనిషి పరికరం ఆ రోజు ఎంత తప్పిందో దానికి అసలే తెలియదు. అక్కడ 5 మీటర్లు, ఇక్కడ 5 మీటర్లు తప్పితే మామూలుగా 7 మీటర్ల తేడా వస్తుంది. రెండూ ఎదురెదురు దిక్కులకు తప్పితే 10. బెంచ్‌మార్క్‌ల విషయంలో అయితే ఆ కోఆర్డినేట్లు జీపీఎస్‌వే కాకపోవచ్చు, ఎప్పుడో కాగితం మ్యాప్ మీద స్కేలు పెట్టి చదివినవి కావచ్చు. అందుకే ఎక్కడికి బయల్దేరినా ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఈ కోఆర్డినేట్లను ఎవరు, దేంతో కొలిచారు?

ఈ ఆట పుట్టుక కూడా ఆ ప్రశ్నతో ముడిపడినదే. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌర జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపిన తప్పును తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకూ తప్పే రిసీవర్లు రాత్రికి రాత్రి పది, ఇరవై మీటర్లకు దిగాయి. మే 3న డేవ్ ఉల్మర్ ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టు దాచి కోఆర్డినేట్లు ప్రకటించాడు. అదే మొదటి జియోక్యాష్.

పరికరాన్ని సిద్ధం చేయడం

ఫోనుతోనూ బోలెడు డబ్బాలు దొరుకుతాయి, అందులో చిన్నతనమేమీ లేదు. వానలో, చలిలో గ్లవ్స్ వేసుకుని, సిగ్నల్ లేని అడవిలో రోజంతా తిరగాలంటే మాత్రం చేతి జీపీఎస్ పనికొచ్చినట్టు ఫోను పనికిరాదు. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ లాంటి చిన్న పరికరం రెండు పెన్సిల్ సెల్స్ మీద 25 గంటల వరకూ నడుస్తుందని కంపెనీ లెక్క. కొనేముందు ఒక తేడా చూసుకోండి. 22ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ దిక్సూచి లేదు, కాబట్టి మీరు నడుస్తున్నంతసేపే బాణం సరైన దిక్కు చూపిస్తుంది. నిలబడితే అది చూపేదానికి అర్థం లేదు. 32ఎక్స్‌లో మూడు అక్షాల దిక్సూచి, గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పే ఆల్టీమీటర్ రెండూ ఉన్నాయి. ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ తరగతి పరికరాలు చెట్ల కింద, కొండ అంచుల్లో తేడా చూపిస్తాయి. రాళ్లకూ గోడలకూ తగిలి ఆలస్యంగా వచ్చే సంకేతాన్ని అవి మెరుగ్గా గుర్తుపడతాయి.

ఇంటి దగ్గరే కొన్ని సెట్టింగ్స్ చూసుకోవాలి. పొజిషన్ ఫార్మాట్‌ను "డిగ్రీలు, దశాంశ నిమిషాలు" అని పెట్టండి, జియోక్యాషింగ్ లోకమంతా వాడేది అదే. డేటమ్ (భూమి మీద అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84. ఉపగ్రహాల మెనూలో జీపీఎస్‌తో పాటు రష్యావారి గ్లోనాస్ లేదా ఐరోపావారి గెలీలియో కూడా ఆన్ చేయండి. ఉత్తర అమెరికాలో తిరిగేవాళ్లు జీపీఎస్ తప్పులను సరిచేసే సంకేతాలు పంపే వాస్ కూడా ఆన్ చేసుకోవాలి. రూటింగ్‌ను నేరుగా వెళ్లే పద్ధతికి మార్చి, రోడ్డుకు అతుక్కునే "లాక్ ఆన్ రోడ్"ను ఆపేయండి. ఈ చివరి రెండూ మర్చిపోతే గమ్యం 40 మీటర్ల దూరంలో పొదలో ఉన్నా, పరికరం మిమ్మల్ని రోడ్డు వెంట రెండు కిలోమీటర్లు చుట్టు తిప్పుతుంది. కొత్తవాళ్లు "జీపీఎస్ పాడైపోయింది" అనుకునే సందర్భాల్లో సగం ఇదే.

బ్యాటరీ రకం కూడా మెనూలో సరిగ్గా చెప్పాలి. రీఛార్జబుల్ ఎన్ఐఎమ్‌హెచ్ సెల్స్ వేసి ఆల్కలైన్ అని వదిలేస్తే, ఛార్జి ఇంకా ఉండగానే "బ్యాటరీ తక్కువ" అని గోల పెడుతుంది. సెల్స్ మార్చిన ప్రతిసారీ దిక్సూచిని మళ్లీ కాలిబ్రేట్ చేయండి, ఎందుకంటే కొత్త సెల్స్ అయస్కాంత ప్రభావం వేరుగా ఉంటుంది. కాలిబ్రేట్ చేసేటప్పుడు కారు పక్కన నిలబడొద్దు. నాలుగడుగులు అవతలికెళ్లి, తెర చెప్పినట్టు మూడు దిక్కుల్లోనూ నిదానంగా తిప్పండి.

నెలల తరబడి బీరువాలో ఉన్న పరికరాన్ని ఆన్ చేసి వెంటనే నడక మొదలుపెట్టొద్దు. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకొకసారి పంపుతుంది, కానీ అన్ని ఉపగ్రహాల జాబితా మొత్తం దిగడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఆకాశం బాగా కనిపించే చోట పావుగంట ఊరికే ఉంచండి. పట్టుకునే తీరు కూడా ముఖ్యమే. ఈట్రెక్స్ లోపలి యాంటెనా పలకలాంటిది, తెర ఆకాశం వైపు ఉండేలా పడుకోబెట్టి పట్టుకోవాలి. జీపీఎస్‌మ్యాప్ 6 సిరీస్‌లో పైకి పొడుచుకొచ్చిన యాంటెనా ఉంటుంది, దాన్ని నిలువుగా పట్టుకోవాలి.

అంకెల దగ్గర జరిగే తప్పు

పరికరం ఎంత మంచిదైనా, చేత్తో ఎక్కించే అంకెల దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. ఒకే చోటును మూడు రకాలుగా రాయొచ్చు: దశాంశ డిగ్రీలు, డిగ్రీలు–దశాంశ నిమిషాలు, డిగ్రీలు–నిమిషాలు–సెకన్లు. అమెరికా బెంచ్‌మార్క్ డేటాషీట్లు (ఒక్కో గుర్తు వివరాల పత్రాలు) మూడో పద్ధతిలో ఉంటాయి, జియోక్యాష్‌లు రెండో పద్ధతిలో.

ఒక లెక్క చేసి చూద్దాం. డేటాషీట్‌లో అక్షాంశం 39 12 34.56 అని ఉందనుకోండి. అంటే 39 డిగ్రీల 12 నిమిషాల 34.56 సెకన్లు. సెకన్లను 60తో భాగిస్తే 0.576 వస్తుంది. పరికరంలో ఎక్కించాల్సింది 39° 12.576'. దీన్నే తొందరలో 39° 12.346' అని కొట్టేస్తారు, కంటికి 12 తర్వాత 34 కనబడుతుంది కదా. తేడా 0.230 నిమిషం. అక్షాంశంలో ఒక నిమిషం అంటే సుమారు 1852 మీటర్లు, కాబట్టి మీరు 426 మీటర్ల అవతల వెతుకుతుంటారు. అంత దగ్గర్లోనే మరో రోడ్డో, మరో వంతెనో ఉంటుంది గనక అనుమానం కూడా రాదు. దశాంశం తర్వాత మొదటి రెండంకెలు ఎప్పుడూ 60 లోపే వస్తున్నాయంటే అవి సెకన్లేమోనని ఆగి చూడండి.

దశాంశ నిమిషాల్లో చివరి అంకె, అంటే 0.001 నిమిషం, ఉత్తర దక్షిణాలుగా 1.85 మీటర్లు. తూర్పు పడమరలుగా అది భూమధ్యరేఖ దగ్గరే అంత ఉంటుంది. 45 డిగ్రీల అక్షాంశంలో 1.3 మీటర్లకూ, 60 డిగ్రీల దగ్గర 0.93 మీటరుకూ కుంచించుకుపోతుంది. చిక్కు విప్పితేనే కోఆర్డినేట్లు తేలే పజిల్ క్యాష్‌లో ఒక్క అంకె తేలనప్పుడు ఎంత మేర వెతకాలో ఈ లెక్కే చెబుతుంది. పశ్చిమ రేఖాంశానికి దశాంశ డిగ్రీల్లో మైనస్ గుర్తు పెట్టాలి. అది మర్చిపోతే అమెరికాలో ఉండాల్సిన బిందువు ఆసియాలో తేలుతుంది. అదృష్టం ఏమిటంటే ఈ తప్పు మ్యాప్ తెరవగానే బయటపడుతుంది.

డేటమ్ తప్పు అలా బయటపడదు. అమెరికా పాత టోపో (ఎత్తుపల్లాలు చూపే) మ్యాప్‌లు ఎన్ఏడీ 27 డేటమ్‌లో ఉంటాయి. దానికీ డబ్ల్యూజీఎస్ 84కూ ఆ దేశంలోనే చోటునుబట్టి పదుల మీటర్ల నుంచి వంద మీటర్ల దాకా తేడా వస్తుంది. పాత మ్యాప్ నుంచి చదివిన అంకెలు ఎక్కించడానికి డేటమ్ మార్చి, పని అయ్యాక తిరిగి మార్చకపోతే ఆ తర్వాత చేత్తో కొట్టే ప్రతి బిందువూ తప్పుతుంది. జీపీఎక్స్ (జీపీఎస్ బిందువులు దాచే ఫైలు రకం) ఫైలుగా ఎక్కించిన బిందువులకు ఈ బెడద లేదు, ఎందుకంటే ఆ ఫైలు ఎప్పుడూ డబ్ల్యూజీఎస్ 84లోనే ఉంటుంది. ఎన్ఏడీ 83కూ డబ్ల్యూజీఎస్ 84కూ మధ్య తేడా ఒకటి రెండు మీటర్లే. చేతి జీపీఎస్‌కు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఫైళ్లు, మ్యాప్‌లు

జియోక్యాషింగ్ డాట్‌కామ్‌లో ప్రీమియం సభ్యులకు పాకెట్ క్వెరీ, అంటే కావలసిన క్యాష్‌ల జాబితాను ఫైలుగా దించుకునే వీలు, ఉంటుంది. ఒక్కో క్వెరీలో వెయ్యి క్యాష్‌ల వరకూ వస్తాయి. దించుకున్న జిప్‌ను విప్పితే రెండు జీపీఎక్స్ ఫైళ్లు కనిపిస్తాయి. పెద్దదాంట్లో క్యాష్‌లు, వాటి వర్ణన, హింట్, ఈమధ్య వెతికినవాళ్లు రాసిన లాగ్‌లు ఉంటాయి. చిన్నదాంట్లో పార్కింగ్ చోటు, మల్టీ క్యాష్ (ఒక చోటు నుంచి మరో చోటుకు పంపే క్యాష్) మజిలీలు లాంటి అదనపు బిందువులు ఉంటాయి. రెండింటినీ పరికరం గార్మిన్ ఫోల్డర్‌లోని జీపీఎక్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. చిన్న ఫైలెందుకులే అని వదిలేస్తే, కొండకు ఏ వైపున కారు ఆపాలో తెలియక రెండో వైపు నుంచి ఎక్కాల్సి వస్తుంది.

కాపీ చేశాక క్యాష్‌లు కనబడకపోతే ముందు జిప్ విప్పారో లేదో చూడండి. తర్వాత పరికరం ఫిల్టర్లు. పోయిన వారం పెట్టిన "సైజు: పెద్దవి మాత్రమే" అన్న ఫిల్టర్ ఇంకా అలాగే ఉండి ఉంటుంది. కేబుల్‌ను సురక్షితంగా తొలగించకుండా లాగేస్తే ఫైలు సగం రాసి చెడిపోవచ్చు. చెడిన జీపీఎక్స్ వల్ల పరికరం స్టార్ట్ అయ్యేటప్పుడు మధ్యలో ఆగిపోవడం కూడా ఉంది. అప్పుడు కంప్యూటర్‌కు పెట్టి ఆ ఫైలు తీసేస్తే చాలు, పరికరాన్ని రీసెట్ చేసి ఉన్నవన్నీ పోగొట్టుకోనక్కర్లేదు. కొన్ని కొత్త మోడళ్లు పెన్‌డ్రైవ్‌లా కాకుండా ఎమ్‌టీపీ పద్ధతిలో కనెక్ట్ అవుతాయి. మ్యాక్ వాడేవాళ్లకు అవి నేరుగా కనబడవు, దానికి వేరే ప్రోగ్రామ్ కావాలి.

వేల క్యాష్‌లు నిర్వహించేవాళ్లకు జీశాక్ అనే విండోస్ ప్రోగ్రామ్‌కు సాటి మరొకటి లేదు. చూడ్డానికి పాతకాలపు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, కానీ ఫిల్టర్లలో దాని బలం కనిపిస్తుంది. చివరి రెండు లాగ్‌లూ "దొరకలేదు" అని ఉన్న క్యాష్‌లను పక్కన పెట్టి మిగతావి పంపమంటే పంపేస్తుంది. అది చేసినరోజు వృథా నడక సగానికి సగం తగ్గుతుంది. గార్మిన్ వారి బేస్‌క్యాంప్ మ్యాప్ మీద బిందువులు సరిచూసుకోవడానికి, ట్రాక్‌లు దాచుకోవడానికి సరిపోతుంది. ఒక రకం ఫైలును మరో రకంగా మార్చాలంటే ఉచితంగా దొరికే జీపీఎస్ బేబెల్ ఉంది.

మ్యాప్‌ల కోసం డబ్బు పెట్టే ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారుచేసిన గార్మిన్ మ్యాప్‌లు చూడండి. కాలిబాటల విషయంలో కొన్నిచోట్ల కొన్న మ్యాప్‌ల కంటే అవే మెరుగు. మెమరీ కార్డును ఎఫ్ఏటీ 32గా ఫార్మాట్ చేసి, అందులో గార్మిన్ అనే ఫోల్డర్ పెట్టి, మ్యాప్ ఫైలు దాంట్లో వేయాలి. పాత టోపో మ్యాప్ ముక్కనో ఏరియల్ ఫోటోనో కేఎంజెడ్ ఫైలుగా పరికరంలో పెట్టుకోవచ్చు. అయితే గార్మిన్ కస్టమ్ మ్యాప్‌కు హద్దులున్నాయి: చిత్రం జేపెగ్ అయి ఉండాలి, ఒక్కో ముక్క 1024 × 1024 పిక్సెల్స్‌కు మించకూడదు, చాలా మోడళ్లలో మొత్తం ముక్కలు వంద. పెద్ద చిత్రాన్ని ముక్కలు చేయకుండా ఒకటే ఫైలుగా పెడితే పరికరం దాన్ని కుదించి, మసకగా చూపిస్తుంది. అందులో బాట ఏదో వాగు ఏదో పోల్చుకోలేరు.

క్యాష్ దగ్గర

ముప్పై మీటర్ల దూరం దాకా బాణం వెంట నడవండి. అక్కడి నుంచి పద్ధతి మారాలి. చాలామంది సున్నా మీటర్లు కనబడేదాకా తెర చూస్తూ గానుగెద్దులా చుట్టూ తిరుగుతారు. నిదానంగా నడుస్తున్నప్పుడు పరికరం లెక్కగట్టే దిక్కు, దాని తప్పులోనే కొట్టుకుపోతుంది. మీరు తిరిగేకొద్దీ బాణమూ తిరుగుతుంది.

దానికి బదులు 25 మీటర్ల దూరంలో ఆగి, ఒకటి రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. అంకెలు కుదుటపడ్డాక (దిక్సూచి లేని పరికరమైతే చురుగ్గా నాలుగడుగులు వేస్తూ) బాణం ఏ వస్తువు మీదుగా వెళుతోందో గుర్తుపెట్టుకోండి: ఒక మోడు, బండరాయి, కంచె స్తంభం ఏదైనా సరే. అక్కడి నుంచి పావు చుట్టు పక్కకు నడిచి, మళ్లీ అదే దూరంలో ఆగి, మళ్లీ చూడండి. వీలైతే మూడోసారి కూడా. ఆ గీతలు కలిసేచోట పరికరాన్ని జేబులో పెట్టేసి కళ్లకు పని చెప్పండి. ఆ చోటు నుంచి 10 మీటర్ల వ్యాసార్ధం, దట్టమైన చెట్ల కింద 15 మీటర్లు. ఆ వలయంలో, అటుగా పోయేవాళ్లకు కనబడకుండా, నేల తవ్వకుండా, ఆ సైజు డబ్బాను మీరైతే ఎక్కడ పెడతారో ఆలోచించండి. మైక్రో అంటే 100 మిల్లీలీటర్లలోపు, స్మాల్ ఒక లీటరు దాకా, రెగ్యులర్ 20 లీటర్ల దాకా. రెగ్యులర్ సైజు డబ్బా కోసం కంచె స్తంభం బోలులో వేలు పెట్టి కెలకడం దండగ. హింట్‌ను అక్షరాన్ని పదమూడు స్థానాలు జరిపే పద్ధతిలో దాచి ఉంచుతారు. పరికరం దాన్ని విప్పి చూపిస్తుంది కాబట్టి చేత్తో లెక్కపెట్టే పనిలేదు.

మల్టీ క్యాష్‌లో "ఇక్కడి నుంచి 152 డిగ్రీలు, 80 మీటర్లు" లాంటి సూచన వస్తే వేపాయింట్ (పరికరంలో దాచుకున్న బిందువు) మెనూలో "ప్రాజెక్ట్ వేపాయింట్" వాడండి. ఆ డిగ్రీలు నిజ ఉత్తరం నుంచా, అయస్కాంత ఉత్తరం నుంచా అన్నది సూచనలో వెతుక్కుని, పరికరంలోనూ అదే పెట్టాలి. రెంటికీ మధ్య కోణం 10 డిగ్రీలు ఉన్న ప్రాంతంలో, 100 మీటర్ల దూరానికి తప్పు 17 మీటర్లు.

మీరే డబ్బా దాస్తున్నప్పుడు కోఆర్డినేట్ల భారం మీది. పక్క క్యాష్‌కు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్న నియమం చూసుకున్నాక, వేపాయింట్ యావరేజింగ్ వాడండి. ఒకేచోట అయిదు నిమిషాలు నిలబడి సగటు తీస్తే అంత లాభం లేదు, ఎందుకంటే ఆ అయిదు నిమిషాల్లో ఉపగ్రహాల అమరిక పెద్దగా మారదు, తప్పు కూడా ఒకే వైపు ఉంటుంది. గార్మిన్ చెప్పేది 4 నుంచి 8 నమూనాలు, వాటి మధ్య కనీసం 90 నిమిషాల విరామం. అంత ఓపిక లేకపోతే మూడు వేర్వేరు పూటలైనా వెళ్లండి. ఆ తర్వాత ఆ అంకెలను ఎవరివో అన్నట్టు ఎక్కించుకుని, 50 మీటర్ల అవతలి నుంచి బాణం వెంట నడిచి చూసుకోండి.

బెంచ్‌మార్క్: వర్ణనకే పెద్దపీట

అమెరికాలో బెంచ్‌మార్క్ వేట అంటే నేషనల్ జియోడెటిక్ సర్వే (ఎన్‌జీఎస్) డేటాబేస్‌లో ఉన్న సర్వే గుర్తులను వెతికి, వాటి పరిస్థితిని నమోదు చేయడం. జియోక్యాషింగ్ డాట్‌కామ్ తన బెంచ్‌మార్క్ విభాగాన్ని 2023 జనవరిలో మూసేసింది, కాబట్టి పాత గైడ్‌లు చూపే దారి ఇప్పుడు లేదు. నేరుగా ఎన్‌జీఎస్ సైటుకే వెళ్లి, వారి డేటా ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లోనో, కౌంటీ (జిల్లా లాంటిది) పేరుతోనో, ఫలానా బిందువు చుట్టూ ఇన్ని మైళ్లు అనో డేటాషీట్లు దించుకోవాలి. ప్రతి గుర్తుకూ రెండు అక్షరాలు, నాలుగంకెల గుర్తింపు సంఖ్య, పీఐడీ, ఉంటుంది.

డేటాషీట్‌లో మొదట చూడాల్సింది అక్షాంశ రేఖాంశాలను కాదు, వాటి చివర ఉన్న ఒక్క మాటను. "అడ్జస్టెడ్" అని ఉంటే అది సర్వేలో కొలిచి సరిచూసిన స్థానం. దాని తప్పు సెంటీమీటర్లలో, మీ పరికరం తప్పు మీటర్లలో. "స్కేల్డ్" అని ఉంటే మ్యాప్ మీద స్కేలుతో చదివినది, ప్లస్ ఆర్ మైనస్ 6 ఆర్క్ సెకన్లు, అంటే ఏ వైపైనా 185 మీటర్ల దాకా తప్పొచ్చు. "హెచ్‌డీ హెల్డ్ 2" అని ఉంటే ఎవరో మీలాగే చేతి జీపీఎస్‌తో తీసినది, సుమారు 10 మీటర్లు. "హెచ్‌డీ హెల్డ్ 1" అయితే 3 మీటర్లు.

ఎత్తు మిల్లీమీటర్లలో ఉన్న గుర్తుకు స్థానం 185 మీటర్లు తప్పడమేమిటని ఆశ్చర్యం అక్కర్లేదు. లెవెలింగ్ (ఎత్తులు కొలిచే) బృందానికి కావాల్సింది ఎత్తొక్కటే. గుర్తు ఎక్కడుందో మాటల్లో రాసి, మ్యాప్ మీద పెట్టి ముందుకెళ్లారు. ట్రయాంగులేషన్ స్టేషన్లలో, అంటే కోణాలు కొలిచి త్రిభుజాల లెక్కతో స్థానం తేల్చిన గుర్తుల్లో, ఇది తిరగబడుతుంది: స్థానం గట్టిది, ఎత్తు అంతంతమాత్రం. చర్చి శిఖరాలు, నీళ్ల ట్యాంకులు కూడా డేటాబేస్‌లో ఉంటాయి. వాటికి మామూలుగా కాంక్రీటులో పొదిగే లోహపు బిళ్ల ఏమీ ఉండదు, ఆ కట్టడం శిఖరమే గుర్తు. ట్యాంకు కాళ్ల దగ్గర బిళ్ల కోసం వెతికితే దొరకదు.

స్కేల్డ్ గుర్తు అయితే కోఆర్డినేట్లు ఏ వీధికి వెళ్లాలో చెబుతాయి, అంతే. ఆపైన దారి చూపేది డేటాషీట్‌లోని వర్ణన. అందుకే ఇంట్లో క్యూజీఐఎస్ అనే మ్యాప్ ప్రోగ్రామ్ తెరిచి కాస్త పని చేయండి. ఎన్‌జీఎస్ ఇచ్చే షేప్‌ఫైల్ (గుర్తుల బిందువులున్న మ్యాప్ ఫైలు) ఒక పొరగా వేసి, స్కేల్డ్ బిందువుల చుట్టూ 185 మీటర్ల వలయం గీయండి. కింద అమెరికా భూగర్భ సర్వే వారి టోపోవ్యూ సైటు నుంచి, గుర్తు పెట్టిన కాలానికి దగ్గరి పాత మ్యాప్ దించి వేయండి. ఆ మ్యాప్‌లమీద బీఎమ్ అని, పక్కన ఎత్తుతో, గుర్తులు కనబడతాయి. పైన ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టి పారదర్శకత తగ్గిస్తూ పెంచుతూ చూడండి. 1930లలో "రోడ్డు మధ్యగీతకు 32 అడుగుల ఉత్తరాన" అని రాసిన రోడ్డు ఈరోజు ఉన్న హైవే కాదనీ, దానికి కాస్త దక్షిణంగా పొదల్లో కలిసిపోయిన పాత మట్టిరోడ్డనీ అప్పుడు తెలుస్తుంది. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే "దొరకలేదు" అని రాసినవి లెక్కలేనన్ని.

వర్ణనలు కాలక్రమంలో ఉంటాయి: మొదటిది పెట్టినప్పటిది, తర్వాతవి వెతికి చూసినవాళ్లవి. అన్నీ చదవండి. "కల్వర్టు రెక్కగోడ", "స్తంభానికి తూర్పున" లాంటి ఆనవాళ్లలో ఏవి ఇంకా మిగిలి ఉంటాయో ముందే అంచనా వేయండి. కరెంటు స్తంభాలు, చెట్లు, గేట్లు పోతాయి. కాంక్రీటు కల్వర్టులు, రైలు పట్టాల దారి, కూడళ్లు మిగులుతాయి. పట్టాల పక్క గుర్తులకు దూరం "ఇన్ని పట్టాలు" అని ఉంటే కాలాన్నిబట్టి ఒక్కో పట్టా 33 లేదా 39 అడుగులు. అయితే అమెరికాలో రైలు పట్టాల పక్క భూమి ప్రైవేటు ఆస్తి. అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం, ప్రమాదం కూడా. ఆ గుర్తును రోడ్డు క్రాసింగ్ నుంచి బైనాక్యులర్‌తో చూడగలిగితే చూడండి, లేకపోతే వదిలేయండి.

నేలమీదికి వెళ్లేటప్పుడు పరికరంతో పాటు 30 మీటర్ల టేపు కావాలి. అడుగుల గుర్తులు కూడా ఉన్నదైతే మంచిది. ఒక సన్నటి ఇనప చువ్వ, మెత్తటి బ్రష్, నీళ్ల సీసా, టార్చి, చిన్న తాపీ కూడా పెట్టుకోండి. వర్ణనలోని రెండు స్థిరమైన ఆనవాళ్ల నుంచి టేపు పట్టి, రెండు చాపాలు కలిసేచోట చువ్వతో మెల్లగా గుచ్చి చూడండి. కాంక్రీటుకు తగిలితే మొద్దు శబ్దం వస్తుంది, చువ్వ చేతిలో ఆగిపోతుంది. వేరుకు తగిలితే కొంచెం దిగుతుంది. గొట్టాలు, కేబుళ్లు ఉండే చోట గుచ్చొద్దు. తవ్విన మట్టిని మళ్లీ పూడ్చి, గడ్డిని ఉన్నచోటే పెట్టండి. జాతీయ పార్కుల్లో తవ్వకం మాటే వద్దు. తర్వాతికాలపు గుర్తులు కొన్ని బిళ్లలు కావు. నేల మట్టానికి ఒక లోహపు మూత, దాని కింద గొట్టంలో స్టీలు కడ్డీ కొన ఉంటాయి.

ట్రయాంగులేషన్ స్టేషన్ దొరక్కపోతే దాని రిఫరెన్స్ మార్క్, అంటే పక్కన పెట్టిన తోడు గుర్తు, వెతకండి. ఆ బిళ్ల మీద బాణం ఉంటుంది, అది స్టేషన్ వైపు చూపిస్తుంది. డేటాషీట్ పట్టికలో స్టేషన్ నుంచి ఆ గుర్తుకు దూరం, దిక్కు ఉంటాయి. దిక్కు అంకెలను ఖాళీలు లేకుండా కలిపి రాస్తారు, మొదటి మూడూ డిగ్రీలు, తర్వాతి రెండు నిమిషాలు. 31015 అంటే 310 డిగ్రీల 15 నిమిషాలు. మీరు నిలబడ్డది రిఫరెన్స్ మార్క్ మీద గనక దిక్కును తిరగేయాలి: 180 తీసేస్తే 130 డిగ్రీల 15 నిమిషాలు. పరికరంలో నిజ ఉత్తరం పెట్టి చూడండి. దూరాన్ని మాత్రం టేపుతోనే కొలవాలి. 18 మీటర్లను జీపీఎస్‌తో కొలవడం అంటే కొలవకపోవడమే.

బిళ్ల దొరికింది. సుమారు 9 సెంటీమీటర్ల వ్యాసం, ఇత్తడో కంచో, పచ్చగా పాచి పట్టి ఉంటుంది. తీగ బ్రష్‌తో రుద్దొద్దు, నీళ్లు పోసి మెత్తటి బ్రష్‌తో తుడిస్తే చాలు. ఇప్పుడు రెండు రకాల అక్షరాలు కనబడతాయి. పోతలోనే వచ్చిన ఉబ్బెత్తు అక్షరాలు సంస్థ పేరు, పాత బిళ్లల్లో అయితే కదిలిస్తే 250 డాలర్ల జరిమానా లేదా జైలు అన్న హెచ్చరిక. అవి వేల బిళ్లల మీద ఒకేలా ఉంటాయి. మీకు కావాల్సింది గుద్ది వేసిన లోతు అక్షరాలు: గుర్తు పేరు, సంవత్సరం. "ఎత్తు" అన్న మాట పక్కన ఖాళీ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, గుర్తు పెట్టేనాటికి లెక్క ఇంకా తేలలేదు మరి. అక్షరాలు అరిగి చదవడానికి వీల్లేకపోతే మీ ఒంటి నీడ బిళ్లమీద పడేలా నిలబడి, టార్చిని బిళ్ల అంచు దగ్గర నేలకు ఆనించి అడ్డంగా వెలుగు కొట్టండి. పైనుంచి చూస్తే ఏమీ లేదనిపించిన చోట గుంటల నీడలు లేచి, అక్షరాలు ఒక్కొక్కటే తేలుతాయి.

చదివినదాన్ని డేటాషీట్‌లోని స్టాంపింగ్ వరుసతో అక్షరం అక్షరం పోల్చండి, సంవత్సరంతో సహా. పేరు చివర "రీసెట్" అని అదనంగా ఉంటే అది మరో గుర్తు, దాని పీఐడీ కూడా వేరు. "నంబర్ 1" అని ఉంటే మీకు దొరికింది రిఫరెన్స్ మార్క్. రిఫరెన్స్ మార్క్‌ను స్టేషన్ అనుకుని "బాగుంది" అని నమోదు చేయడం ఈ వేటలో మామూలుగా జరిగే తప్పు. తర్వాత వచ్చే సర్వేయర్ ఆ మాట నమ్మి ఒక పూట పోగొట్టుకుంటాడు.

ఫోటోలు మూడు తీయండి: అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా ఒకటి, నిలబడిన ఎత్తు నుంచి కిందికి ఒకటి, చుట్టుపక్కల కనబడేలా అడ్డంగా ఒకటి. మూడోది ఏ దిక్కుకు చూస్తూ తీశారో రాసుకోండి. ఎన్‌జీఎస్ మార్క్ రికవరీ ఫారంలో పరిస్థితి, ఇప్పటి ఆనవాళ్ల నుంచి టేపుతో కొలిచిన దూరాలు రాయాలి. గుర్తు స్కేల్డ్ అయితే మీ పరికరంతో తీసిన కోఆర్డినేట్లు కూడా ఇవ్వండి, 185 మీటర్ల అనుమానం పదికి దిగుతుంది. దొరకనప్పుడు రాయాల్సింది "దొరకలేదు" అని మాత్రమే. కొత్త రోడ్డు వేశారు కాబట్టి పోయే ఉంటుందన్నది మీ ఊహ. పెకలించిన బిళ్ల లాంటి ఆధారం చేతికి చిక్కితేనే దాన్ని ఎన్‌జీఎస్‌కు విడిగా పంపి, ధ్వంసమైనట్టు చెప్పాలి.

ఆ గుర్తు దగ్గర్నుంచి బయల్దేరే ముందు ఇంకొక్క పని. మీ పరికరంలో గాలి ఒత్తిడి ఆల్టీమీటర్ ఉంటే, లెవెలింగ్‌లో కొలిచిన గుర్తు మీద దాన్ని పెట్టి డేటాషీట్‌లోని ఎత్తుతో కాలిబ్రేట్ చేసుకోండి. ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ మారితే సముద్రమట్టం దగ్గర చూపే ఎత్తు 8 మీటర్ల దాకా జరుగుతుంది. కాబట్టి వాతావరణం మారితే మళ్లీ చేయాల్సిందే.